మఫానె బస్సెక్కించిన ఓట్లు

ఓటుకి పేరు మళ్ళీ ఇక్కడే రాయిస్తావా? ఎందుకే బొనో, నాలుగేళ్ళ నుంచి నువ్వుండేది రాజధాని గాబొరోనేలో కదా. ఆ, తెలుసు, తెలుసు. ఇల్లు ఇక్కడ కాబట్టి పేరు ఇక్కడ. ఆ మాట ఈ వీధిలో నీకన్నా ముందు కొన్ని వేలమంది అన్నారు. ఆ మాట మీదే ఒక మనిషి వరసగా నాలుగు ఎన్నికలు ఓడిపోయాడు. బడి దగ్గర పేర్లు రాసేవాళ్ళు సాయంత్రం దాకా ఉంటార్లే, ఆ కుర్చీ నీడలోకి లాక్కో. మఫానె తాత నీకు గుర్తున్నాడా? ఎలా ఉంటాడూ, వాడు పోయిననాటికి నువ్వు పాలు తాగుతున్నావు. మన మొరులా నియోజకవర్గానికి ఎంపీ. ఒక్కసారే అనుకో. కానీ ఆ ఒక్కసారి కోసం ఇరవై ఏళ్ళు పట్టింది.

చెప్పులూ బూట్లూ కుట్టేవాడు. ఇక్కడే, ఫ్రాన్సిస్‌టౌన్ స్టేషన్ ఎదురుగా వాడి బడ్డీ, దాని పక్కన నా రేడియోల కొట్టు, మధ్యన ఒక రేకు. వాడు మేకు కొడితే నా బల్ల మీద స్క్రూలు ఎగిరేవి. ఇద్దరిదీ లొకాలా ఊరే. మనిషి మొహం చూసేవాడు కాదు. తల వంచుకుని, తోలుకి కన్నం పొడిచే ఆరెతో కుడుతూ, పాదాలు చూసి పేరు పెట్టి పిలిచేవాడు. "ఏమ్మా, కుడికాలి మీద మళ్ళీ బరువేస్తున్నావు, నడుం నొప్పా?" అనేవాడు. డాక్టరు కూడా అన్ని వివరాలు అడగడు. అలాంటివాడికి రాజకీయం ఎలా అంటుకుందంటే, నా వల్లే. అరవై ఎనిమిదిలో మైనింగు కంపెనీ వాళ్ళు పారేసిన లౌడ్‌స్పీకరు ఒకటి తెచ్చి బాగుచేశాను. పని చేస్తోందో లేదో చూడాలి కదా, మైకు వాడి చేతికిచ్చి "ఏదైనా మాట్లాడరా" అన్నాను. ముప్పావుగంట మాట్లాడాడు. పట్టాల అవతల వీధులకి నీళ్ళ కుళాయి ఎందుకు లేదు, ఆఫీసర్ల ఇళ్ళ ముందు పూలమొక్కలకి ఎందుకు ఉంది అని. నేను మైకు లాక్కునేసరికి ఎదురుగా రెండువందలమంది. చప్పట్లు. ఆ చప్పట్లు వాడి చెవిలోంచి మళ్ళీ బయటికి రాలేదు.

అరవై తొమ్మిదిలో నిలబడ్డాడు. వాడిది పసుపు బిళ్ళ. అప్పట్లో ఓటంటే కాగితం మీద గీత కాదే. పార్టీకొక రంగు బిళ్ళ ఉండేది, బొత్తాం కన్నా కాస్త పెద్దది. నీకు కావలసిన రంగు ఒక పెట్టెలో వెయ్యాలి, అక్కర్లేనివి ఇంకో పెట్టెలో పారెయ్యాలి. ఎదుటివాడు సెత్లారె, రిటైరైన హెడ్మాస్టరు, నీలం బిళ్ళ. మంచాయనే పాపం. ఆయన బూట్లు కూడా మఫానే కుట్టేవాడు. ఫ్రీడమ్ స్క్వేరు అంటాం కానీ, ఏముంది, మార్కెట్టు వెనక మట్టి మైదానం. అక్కడ మఫానె సభ పెడితే ఆరువందలమంది. ఆడవాళ్ళు నాలుకలు ఆడించి కూతలు, పిల్లలు నా వ్యాను మీద. ఓట్లు ఎన్నొచ్చాయో తెలుసా? నూట నలభై మూడు. సెత్లారె సభకి ముప్పైమంది వచ్చేవాళ్ళు, అందులో పదిమంది నిద్రపోయేవాళ్ళు. ఆయనకి వెయ్యి పైన. డెబ్భై నాలుగులో మన సభకి తొమ్మిదొందలమంది. ఓట్లు మూడొందల ఎనభై ఎనిమిది. డెబ్భై తొమ్మిదిలోనూ అదే వరస, సభ నిండా జనం, పెట్టె నిండా నీలం. వచ్చినవాళ్ళంతా ఏమయ్యారు? మా పార్టీ కార్యదర్శి ఒకడుండేవాడు, లౌడ్‌స్పీకరుకి ఎవరో చేతబడి చేశారన్నాడు. విరుగుడుగా స్పీకరు కొమ్ము లోపల ఆవు కొవ్వు రాయమన్నాడు. రాశాం. మర్నాడు సభలో మఫానె నోరు తెరిస్తే ఈగలు. కొమ్ము నిండా ఈగలే. వాడు నీళ్ళ కుళాయి గురించి మాట్లాడుతుంటే అవి జుంయ్ మంటూ వంత పాడాయి. మీ నానమ్మ నవ్వి నవ్వి చంటివాణ్ణి పక్కావిడ చేతిలో పెట్టేసింది. ఆ చంటివాడే మీ నాన్న.

చూడు, మాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఏమంటే, అది మా కళ్ళ ముందే జరిగేది. ఓటింగు శనివారం. శుక్రవారం మధ్యాహ్నం నుంచే స్టేషన్ ముందు బస్సులు నిండిపోయేవి. అందరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళకి. ఓటు వెయ్యడానికే. ఎందుకంటే పట్నంలో ఉన్నా పేరు మాత్రం సొంత ఊళ్ళోనే ఉంటుంది కదా. పట్నం అంటే పని చేసుకునే చోటు. ఊరంటే పుట్టిన చోటు, చచ్చాక పడుకునే చోటు. పేరు అక్కడ కాక ఇంకెక్కడ రాయిస్తారు? మఫానె ఏం చేసేవాడో తెలుసా? బస్టాండులో నిలబడి మూటలు ఎత్తించేవాడు! "పిన్నీ, జాగ్రత్తగా వెళ్ళిరా, ఓటు మాత్రం మర్చిపోకే!" అని చెయ్యూపేవాడు. తన ఓట్లని తనే బస్సెక్కించి పంపేవాడు, ఒక్కొక్కటీ.

ఎనభై నాలుగు మాత్రం వేరు. ఆ ఏడు కుళాయి విషయంలో జనం నిజంగా మండిపోయి ఉన్నారు, రైల్వే క్వార్టర్స్ మొత్తం పసుపు వైపు తిరిగింది. సెత్లారె మొహంలో నెత్తురు చుక్క లేదు. మేం గెలిచేశామనే అనుకున్నాం. ఆ ధీమాతో శనివారం పొద్దున్నే నా పికప్ వ్యాను తీశాను. ఎక్కడికంటావేమిటే? లొకాలాకి, ఓటు వెయ్యడానికి! మఫానె, వాళ్ళావిడ, బిడ్డ పేరు మీద చెద్జా వాళ్ళమ్మ అనేవాళ్ళం, ఆవిడ చెల్లెళ్ళిద్దరు, పార్టీ కార్యదర్శి, వాడి తమ్ముడు, నేను, మీ నానమ్మ, డోలు కొట్టే కుర్రాడు. తొమ్మిదిమందిమి. దారంతా పాటలు. లొకాలాలో వరసలో నిలబడి పసుపు బిళ్ళలు వేశాం. అక్కడ పసుపు తరఫున నిలబడ్డవాడి మొహం కూడా మాకెవరికీ తెలీదు. తర్వాత మఫానె మేనమామ ఇంటికి భోజనానికి వెళ్ళాం. మలెపా అని పెద్దాయన, ఊళ్ళో ఆయన మాటంటే మాటే. దంచిన మాంసం, జొన్న సంకటి, పుల్లటి పెరుగు, ఒక డబ్బా నిండా జొన్న కల్లు. "మా మేనల్లుడు ఎంపీ అవుతాడు" అని ఆయన దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి కూచోబెట్టాడు. హాయిగా తిరిగొచ్చాం.

ఆదివారం పొద్దున టౌన్‌హాల్లో లెక్క తేలింది. నీలం పద్దెనిమిది వందల యాభై మూడు. పసుపు పద్దెనిమిది వందల నలభై ఆరు. ఏడు. ఏడు బిళ్ళలు తక్కువ. మఫానె బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాడు. మేమంతా వాడి చుట్టూ చేరాం. చెద్జా వాళ్ళమ్మ మాత్రం వేళ్ళు మడుస్తోంది. చాలాసేపు మడిచి, "అన్నయ్యా," అని నన్నడిగింది, "నిన్న మన బండిలో ఎంతమందిమి వెళ్ళాం?" "తొమ్మిదిమందిమి" అన్నాను. "తొమ్మిది ఎక్కువా, ఏడు ఎక్కువా?" అంది. అంతే. నేను మీ నానమ్మ మొహం చూశాను, ఆవిడ కార్యదర్శి మొహం చూసింది, వాడు కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఓటమిని మా బండి మీదే మోసుకెళ్ళి అరవై కిలోమీటర్ల దూరంలో దింపి, మాంసం తిని వచ్చాం. నిలబడ్డవాడు తన ఓటు తనకి వేసుకోలేదు! నాలుగు ఎన్నికల్లో ఒక్కసారీ వేసుకోలేదు! మఫానె రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు, భుజాలు కదిలిపోతున్నాయి. పాపం సెత్లారె పరిగెత్తుకొచ్చాడు, "ఏడవకయ్యా మఫానె, మగాడివి, రాజకీయంలో ఇవన్నీ" అని వీపు నిమిరాడు. మఫానె తలెత్తాడు. కన్నీళ్ళే, కానీ నవ్వి నవ్వి వచ్చినవి. విషయం చెబితే సెత్లారె కూడా మెట్ల మీద కూలబడ్డాడు. "నేనూ మా ఊరు పోదామనే అనుకున్నానయ్యా," అన్నాడు, "మా ఆవిడకి జ్వరమొచ్చి ఆగిపోయాను. లేకపోతే ఆరే!"

అదిగో, అక్కణ్ణించి మఫానె సభలు మానేశాడు. నా లౌడ్‌స్పీకరు అటకెక్కింది. ఓటు వెయ్యమని ఎవర్నీ అడగలేదు. బడ్డీకి చెప్పు తెచ్చినవాళ్ళని ఒక్కటే అడిగేవాడు. చెప్పు తిరగేసి, అరిగిన మడమ చూపించి, "ఇది ఏ ఊళ్ళో అరిగింది?" "ఇక్కడే, ఇంకెక్కడ?" "మరి నీ పేరెక్కడుంది?" వాళ్ళు నవ్వేవాళ్ళు. "మా ఊళ్ళో ఉంది." "ఇక్కడి కుళాయి మీ ఊరి ఎంపీ వేయిస్తాడా? నువ్వు నడిచే రోడ్డుకి నీ ఊరి ఎంపీ తారు పోయిస్తాడా?" అప్పుడు నవ్వు ఆగేది. ఆగి, గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు. "మఫానె, పేరు ఇక్కడ రాయిస్తే, రేపు పోతే ఇక్కడే పూడుస్తారటగా?" "ఎవరన్నారు?" "అందరూ." ఆ భయం ఊరికే పోదే, అమ్మాయ్. ఊళ్ళో పేరు తీసేశాడంటే వాడింక మనవాడు కాదని. పెళ్ళిలో పక్కన కూచోబెట్టరు, చావులో కబురు పెట్టరు. స్టేషన్ మెట్ల దగ్గర మగ్విన్యా పిండిముద్దలు వేయించి అమ్మే ముసలావిడ ఒకావిడుండేది. నోరంటే నోరు. చెప్పు కుట్టించుకోవడానికొచ్చి, వాడు మొదలుపెట్టీ పెట్టగానే, "అదంతా సరేలే నాయనా, నీ పేరెక్కడుంది?" అంది. మఫానె చేతిలో సుత్తి ఆగిపోయింది. నా వైపు చూశాడు, రేకు కన్నంలోంచి. "లొకాలాలో" అన్నాడు. "ఆహా," అంది ముసలావిడ, "నీ చెప్పు గాల్లో అరుగుతోందా?" చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. వాడు నవ్వలేదు.

ఎందుకంటే, వాడి పేరు తియ్యాలంటే మేనమామకి చెప్పాలి. చెప్పకుండా తియ్యకూడదని చట్టమేం లేదు, కానీ అలా ఎవరు చేస్తారు? తండ్రి పోయాక పెంచింది ఆయనే. ఒక దుప్పటి కొనుక్కుని, మంచి ఎర్ర గళ్ళది, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మలెపా కాడి చెక్కుతున్నాడు, చిన్న ముక్కాలిపీట మీద కూచుని. దుప్పటి తీసుకున్నాడు, మడత విప్పలేదు. మఫానె చెప్పాడు. అంతా చెప్పాడు, ఏడు బిళ్ళల సంగతీ, ముసలావిడ మాటా. పెద్దాయన చెక్కుతూనే ఉన్నాడు. కాడి మీంచి కళ్ళెత్తకుండా, "మీ నాన్న ఎక్కడున్నాడు?" అన్నాడు. "పశువుల దొడ్లో, మామయ్యా." అక్కడే పూడ్చారు మరి, ఇంటిపెద్దని దొడ్లోనే పూడుస్తారు. "నువ్వెక్కడ పడుకుంటావు? రైలు పట్టాల పక్కనా? ఇంజను కూత వేస్తే లేచి కూచుంటావా?" మఫానె చూపు దొడ్డి వైపు పోయింది. "ఎంపీవి కా," అన్నాడు ఆయన, "మంత్రివి కా. పేరు తీసుకుపోయినవాడు మాత్రం నా గడప తొక్కక్కర్లేదు." దుప్పటి తిరిగి మఫానె ఒళ్ళో పెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు వాడు దుప్పటి ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఊరి పొలిమేర దాటాక, "బండి ఆపు" అన్నాడు. దిగి, కాసేపు వెనక్కి చూసి, ఎక్కాడు. "నడువు. సోమవారం రాయించేస్తా" అన్నాడు. రాయించాడు. ఆ రోజు బడ్డీ ముందు మగ్విన్యా ముసలావిడ గట్టిగా కేకేసింది, "ఒరేయ్, వీడి చెప్పు నేలకి దిగిందర్రా!" అని. తర్వాత ఆవిడే ముందు రాయించుకుంది. ఆవిడ వెనక రైల్వే క్వార్టర్సు, వాళ్ళ వెనక నేను, మీ నానమ్మ. మీ నానమ్మ రెండ్రోజులు ఏడ్చింది, అది వేరే సంగతి. నాలుగేళ్ళు పట్టింది, ఒక్కో జత చొప్పున. ఆ నాలుగేళ్ళూ మఫానె లొకాలా వెళ్ళలేదు. దుప్పటి బడ్డీలో చెక్క మీదే ఉండేది, దుమ్ము దులిపేవాడు, కప్పుకునేవాడు కాదు.

ఎనభై తొమ్మిది, అక్టోబరు, శనివారం. ఎండ అప్పుడే మొదలైంది. శుక్రవారం సాయంత్రం బస్సులు సగం ఖాళీగా వెళ్ళాయి, డ్రైవర్లకి ఏం అర్థం కాలేదు. బడి దగ్గర వరస, నువ్విప్పుడు వెళ్ళాల్సిన బడే, గేటు దాటి, రొట్టెల కొట్టు దాటి, మార్కెట్టు దాకా ఉంది. ఇక్కడిది ఇలా ఉందా, అక్కడ లొకాలాలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మలెపా తెల్లారే లేచి కల్లు డబ్బా దింపించాడట, మేకని కోయించాడట, వాకిట్లో పీటేసుకుని కూచున్నాడట. ప్రతి ఎన్నికకీ పట్నం నుంచి జనం దిగుతారు కదా, తిరునాళ్ళలా ఉంటుంది. తొమ్మిదయింది, ఎవరూ లేరు. పదయింది, ఒక బస్సు, అందులో ఇద్దరు. ఊరు బోసిపోయింది. ఆయన కర్ర తీసుకుని ఆ బస్సే తిరుగుప్రయాణానికి ఎక్కేశాడు. "ఆ పట్నంలో అంత ఏముందో చూసొస్తా" అన్నాడట.

మిట్టమధ్యాహ్నం దిగాడు. నేను వరసలో ఉన్నాను. చూశాను, కర్ర పట్టుకుని వరస చివర నుంచి నడుచుకుంటూ వస్తున్నాడు. ప్రతి మొహం దగ్గరా ఆగి పలకరిస్తున్నాడు. "దుమేలా. నువ్వూనా?" "దుమేలా, పెద్దయ్యా." "నీకు పేరు పెట్టింది నేను. నువ్వూనా?" ఇంకో పదిమంది దాటి, "నీ పెళ్ళికి ఎద్దునిచ్చాను కదే! నువ్వూనా?" లొకాలాలో సగం ఊరు ఆ వరసలో ఉందే! వాళ్ళూ తప్పించుకోలేరు, వరస వదిలితే చోటు పోతుంది. తలకాయలు దించుకుని తిట్లు తింటున్నారు, భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి. నా దగ్గరికొచ్చాడు. "రేడియో, నువ్వూనా? అయినా నువ్వు మొదట్నుంచీ అంతేలే." మీ నానమ్మ మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టింది, ఆవిణ్ణేం అనలేదు. గేటు దగ్గరికొచ్చేసరికి గొంతు పోయింది, ఎడమకాలి చెప్పు వారు కూడా తెగింది. మగ్విన్యా ముసలావిడ చూసింది. "అన్నా, తిట్టేవాడివి ఏదైనా తిని తిట్టు" అని ఒక వేడి ముద్ద చేతిలో పెట్టింది. తింటూ, చెప్పు ఈడ్చుకుంటూ, దారి అడుక్కుంటూ మఫానె బడ్డీకి వెళ్ళాడు. వాడు అప్పటికే ఓటేసి, తన ఓటు తనకి మొదటిసారి వేసుకుని, చేతులు ఊరుకోక ఎవరిదో బూటు కుడుతున్నాడు. తల వంచుకునే ఉన్నాడు కదా, ముందు పాదమే కనిపించింది. ఆ పాదం వాడికి తెలీకపోవడమేమిటి. మాట్లాడకుండా చెప్పు తీసి, ఇనుప పాదానికి తొడిగి, తెగిన వారు కుట్టడం మొదలెట్టాడు. ఓటేసి నేను తిరిగొచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. పెద్దాయన తన చెప్పు అడుగుభాగం చూసి, "స్టేషన్ నుంచి ఇక్కడికే ఇంత తినేసిందేమిట్రా? ఇక్కడి మట్టి దుర్మార్గపు మట్టి" అన్నాడు. "తారు లేదు, మామయ్యా. వేయించాలి." "ఊఁ," అన్నాడు. చెక్క వైపు చూసి, "ఆ దుప్పటి నాకు తెచ్చిందే కదూ? ఇలా తే. బస్సులో వెనక్కి వెళ్ళేటప్పుడు చలేస్తుంది" అన్నాడు. ఆ ఎండలో, బొనో! నలభై డిగ్రీల ఎండలో దుప్పటి భుజాన వేసుకుని కూచున్నాడు.

వెనక్కి ఎక్కడికీ వెళ్ళలేదు. ఆదివారం పొద్దున టౌన్‌హాల్లో ఉన్నాడు. పసుపు రెండు వేల ఏడువందల నాలుగు, నీలం రెండు వేల మూడువందల పదకొండు. మూడువందల తొంభై మూడు తేడా. ఆ కేకలకి హాలు రేకులు లేచిపోతాయనుకున్నాం. సెత్లారె వచ్చి మఫానెని కౌగిలించుకుని, "ఈసారి బండెక్కలేదన్నమాట" అన్నాడు. మలెపా దుప్పటి ఊపుతూ మెట్ల మీద అడుగేశాడు, డెబ్భై ఆరేళ్ళ మనిషి. అందరూ ఆయన్ని ఏడిపించారు, "మామయ్యా, మరి నీ ఓటేదీ?" అని. నిజమే, లొకాలాలో వెయ్యలేదు, ఇక్కడ లేదు. ఆ ఏడు దేశం మొత్తంలో ఎక్కడా పడని ఓటు ఆయనదే. "నేను వరసంతా చూశాను కదరా, అది చాలదా?" అనేవాడు.

కుళాయి వచ్చింది, తారూ వచ్చింది, స్టేషన్ నుంచి బడి దాకా. తొంభై నాలుగులో మళ్ళీ ఓడాడు, అరవై ఓట్లతో. సోమవారం పొద్దున్నే బడ్డీ తెరిచాడు. పోయింది రెండువేల ఒకటిలో. పూడ్చింది శనివారం తెల్లవారుజామున, ఇక్కడి శ్మశానంలోనే. వాడే అడిగాడు అలాగ. లొకాలా నుంచి ఆరు బస్సులు వచ్చాయి ఈసారి, అటు నుంచి ఇటు. మలెపా బతికే ఉన్నాడు, ఇద్దరు పట్టుకుంటే నిలబడ్డాడు. పెట్టె దించబోతుంటే, "ఆగండి, చెప్పులు తొడిగారా?" అన్నాడు. తొడగలేదు. "తొడగండి. ఇక్కడి మట్టి చెప్పుని తినేస్తుంది, వాడు చాలా దూరం నడవాలి" అన్నాడు. చెద్జా వాళ్ళమ్మ ఇంటికి మనిషిని పంపి తెప్పించింది. అందరం నిలబడి ఉన్నాం, సూర్యుడు వచ్చేశాడు, ఎవరో ముసిముసిగా నవ్వారు, తర్వాత ఇంకొకరు. శ్మశానంలో అంతమంది నవ్వగా నేను చూడలేదు.

ఆ. ఏదీ, నీ చెప్పు ఇటివ్వు. అబ్బ, ఇవ్వవే, ముసలాణ్ణి, అలుగుతాను. ఊఁ. కుడి మడమ. నల్లగా అంటింది, తారు మరకలు. ఇది మన వీధి తారు కాదు, గాబొరోనేలో అరిగిన చెప్పు. ఓటింగు అక్టోబరులో కదా ఈసారీ. పేరు ఇక్కడుంటే ఓటుకి ఎలాగూ వచ్చేదానివి, మీ నానమ్మ ఉన్నప్పటి నుంచీ ఆ రోజున అందరం కలిసి తినడం... ఇదిగో, తొడుక్కో. లోపల్నుంచి పెరుగు గిన్నె తెస్తావా? సంకటి చల్లారిపోతోంది.